పాత క్యాంపర్ వ్యాన్‌లో బ్యాటరీ జరిగిపోయింది, గట్టిగా బిగించేదెలా?

నాలుగుచక్రాలగూడు
మా క్యాంపర్ 1980ల నాటి బండి. నిన్న ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగితే గట్టిగా బ్రేకు కొట్టాను. వెనక మంచం కింద ధబ్‌మని చప్పుడైంది. గిన్నెల డబ్బా పడిందేమో అనుకుని పట్టించుకోలేదు. రాత్రి మంచం పలక ఎత్తి చూస్తే, లైట్లకీ ఫ్రిజ్‌కీ వాడే రెండో బ్యాటరీ జానెడు ముందుకు జరిగి ఉంది. ప్లస్ టెర్మినల్‌కీ మంచం ఇనప ఫ్రేముకీ మధ్య వేలు కూడా దూరదు. ఫ్రేము మీద ఒకచోట నల్లటి మచ్చ, దాని చుట్టూ పెయింటు పొక్కిపోయి ఉంది. అది నిన్నటిదో, అంతకుముందుదో తెలియదు. పిల్లలు పడుకునేది సరిగ్గా దాని పైనే. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

బండి అమ్మినాయన కొక్కేల సాగే తాడుతో కట్టి ఉంచాడు. కింద ప్లైవుడ్, దాని కింద బండి రేకు. దీన్ని ఎలా బిగించాలి? ఇంకేం చూసుకోవాలి? వైరింగ్ నాకు పెద్దగా రాదు, పానాలు పట్టుకోవడం మాత్రం వచ్చు.

స్పానర్‌12
ముందు మైనస్ వైరు తీసి పక్కన పెట్టండి. మిగతా మాటలు తర్వాత.

నాలుగుచక్రాలగూడు
తీసేశాను. కొసకి టేపు చుట్టి దూరంగా వంచి పెట్టాను. పిల్లల్ని ఈ రాత్రికి ఇంట్లోనే పడుకోమన్నాను.

దారిపొడుగునా
అంత టెన్షన్ పడాల్సిన పని లేదండి. పాతిక కిలోల బ్యాటరీ ఎక్కడికీ పోదు. నేను పదకొండేళ్లుగా చెక్క పెట్టెలో పెట్టి, పెట్టెని నేలకి నాలుగు స్క్రూలతో బిగించి తిరుగుతున్నాను. సాగే తాడు తీసేసి మామూలు బెల్టు కట్టండి, చాలు. నిదానంగా నడిపితే బ్యాటరీ కదలదు.

తీగలమాస్టారు
@దారిపొడుగునా, ఈ మాటతో నేను ఒప్పుకోలేను. లెక్క చూడండి. గంటకి 50 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. ఆ వేగంలో దేన్నయినా గుద్ది, బండి ముందుభాగం నలుగుతూ అర మీటరులో ఆగిందనుకోండి. లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకి దాదాపు 20 రెట్లు ముందుకి తోస్తుంది. 25 కిలోల బ్యాటరీ ఆ క్షణంలో 500 కిలోల తోపు. ప్లైవుడ్‌లో దిగిన నాలుగు చెక్క స్క్రూలు దాన్ని ఆపలేవు, ఊడొస్తాయి. ఆ బ్యాటరీకి ముందు కూర్చుని ఉండేది ఎవరో మీకే తెలుసు.

నిదానంగా నడిపితే చాలంటారు. ఎదుటివాడు నిదానంగా నడపాలి కదా. యాక్సిడెంట్ దాకా ఎందుకు, గట్టి బ్రేకుకే పాతిక కిలోల బ్యాటరీ మీద 20 కిలోల దాకా తోపు పడుతుంది. ప్లాస్టిక్ డబ్బాకి ప్లైవుడ్ మీద అంత పట్టు ఉండదు. ఇక్కడ జరిగింది అదే.

దారిపొడుగునా
500 కిలోలా? ఆ లెక్క నేనెప్పుడూ వేసుకోలేదు మాస్టారూ. సరే, స్క్రూల మాట వెనక్కి తీసుకుంటాను. కానీ నేలకి బోల్టుల కోసం కన్నాలు పెడితే పాత బండిలో తుప్పు మొదలవుతుందే?

వెల్డింగ్‌మనిషి
కన్నం వల్ల తుప్పు రాదు, కన్నాన్ని అలాగే వదిలేయడం వల్ల వస్తుంది. నేను చేసే పద్ధతి చెప్తాను.

డ్రిల్లు పట్టుకునే ముందు బండి కిందకి దూరి చూడండి. మీరు కన్నం పెట్టాలనుకున్న చోట కింద పెట్రోల్ పైపు, బ్రేకు పైపు, వైర్ల కట్ట ఏదీ ఉండకూడదు. పైనుంచి కొలిచి, కిందనుంచి మళ్లీ కొలవండి. ఈ ఒక్క పని చెయ్యక బ్రేకు పైపుకి కన్నం పెట్టుకున్న బండి నా దగ్గరికి వచ్చింది.

వీలైతే బ్యాటరీని మంచం ఫ్రేముకి దూరంగా, బండి అడుగున అడ్డంగా వెళ్లే బీములకి దగ్గరగా మార్చండి. ఇనప ట్రే తీసుకోండి, లేదా యాంగిల్ ముక్కలతో చేయించండి. నాలుగు వైపులా అంచు పైకి ఉండాలి, బ్యాటరీ అందులో దాదాపు సరిగ్గా కూర్చోవాలి. నాలుగు ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టులు, హైటెన్సైల్ అనే గట్టి ఉక్కువి, తల మీద 8.8 అని ఉంటుంది. ఆ బోల్టులు ప్లైవుడ్‌నీ రేకునీ రెండింటినీ దాటి కిందకి దిగాలి. కింద చిన్న వాషర్ వేస్తే లాభం లేదు, పలచటి రేకులోంచి లాక్కుని పైకొచ్చేస్తుంది. 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప పట్టీ వేసి, దాని మీద నట్టు బిగించండి. లాక్ నట్లు వాడండి. కన్నం అంచులకి ప్రైమర్, పెయింటు, బోల్టు చుట్టూ సీలెంటు. ఇలా చేసిన చోట నేను తుప్పు చూడలేదు.

బ్యాటరీని ట్రేకి పట్టి ఉంచే క్లాంపు మరో సంగతి. కొన్ని బ్యాటరీలకి అడుగున చిన్న గట్టు ఉంటుంది, దాన్ని నొక్కిపట్టే ముక్కతో బిగించాలి. గట్టు లేకపోతే పైనుంచి అడ్డపట్టీ, రెండు పక్కలా పొడుగు కొక్కెం బోల్టులు. ఆ పట్టీ టెర్మినళ్ల మీదుగా వెళ్లకూడదు, వాటికి దూరంగా ఉండాలి, రబ్బరు తొడుగు ఉండాలి. చేత్తో పట్టి ఊపితే బండి ఊగాలి గానీ బ్యాటరీ ఊగకూడదు. అలాగని నట్టుని తిప్పుతూ పోవద్దు, డబ్బా ఉబ్బి పగుళ్లిస్తుంది.

కొత్తడ్రైవర్
ఇనప పట్టీ వద్దనుకుంటే బెల్టు చాలదా? రాచెట్ బెల్టులు బరువైన వస్తువులకే వాడతారు కదా.

స్పానర్‌12
బెల్టు తప్పు కాదు, కానీ దేనితో చేశారో చూసుకోండి. నైలాన్‌ని యాసిడ్ తినేస్తుంది. పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ తట్టుకుంటాయి. ఆ బెల్టు కట్టిన కొక్కెం కూడా రేకులోంచి బోల్టుతో దిగి ఉండాలి. ప్లైవుడ్‌కి స్క్రూ చేసిన కొక్కేనికి ఎంత మంచి బెల్టు కట్టినా దండగ.

ఇల్లూబండీ
యాసిడ్ మాట వచ్చింది కాబట్టి నా అనుభవం. మా బండిలో ఇంజన్ పక్కనే బ్యాటరీ ట్రే. పైనుంచి చూస్తే నల్ల పెయింటుతో బాగానే ఉండేది. ఒకరోజు బ్యాటరీ తీసి ట్రేని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అటువైపు రోడ్డు కనబడింది. అంటే ఎన్నాళ్లుగానో బ్యాటరీ బరువుని పెయింటూ తుప్పూ కలిసి మోస్తున్నాయి! బ్యాటరీ ఊడి తిరిగే బెల్టుల మీద పడకపోవడం మా అదృష్టం.

కాబట్టి @నాలుగుచక్రాలగూడు, క్లాంపు కొనే ముందు బ్యాటరీ కింద ఏముందో చూడండి. ఇంజన్ బ్యాటరీని కూడా తీసి చూడండి. తెల్లటి పొడి, పొక్కిన పెయింటు ఉంటే వంటసోడా నీళ్లలో కలిపి పొయ్యండి, నురగ రావడం ఆగేదాకా. తర్వాత మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, అప్పుడు పొడిచి చూడండి. ఆ సోడా నీళ్లు మూతల సందుల్లోంచి బ్యాటరీలోకి మాత్రం పోకూడదు, లోపలి యాసిడ్ పాడవుతుంది.

వెల్డింగ్‌మనిషి
దీనికి నాదొక మాట. ట్రే మార్చడానికి వెల్డింగ్ పెట్టిస్తే రెండు బ్యాటరీలూ బండిలోంచి దింపాలి. ఇంజన్‌తో తిరిగి బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్ వైర్లు ఊడదియ్యాలి. వైరు తీశాం కదా అని బ్యాటరీని పక్కనే ఉంచి వెల్డింగ్ చెయ్యనివ్వకండి. అందులోంచి వచ్చే హైడ్రోజన్ గాలి అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

తీగలమాస్టారు
ఇప్పుడు ఆ నల్ల మచ్చ దగ్గరికి వద్దాం, నాకు అసలు భయం అదే. ఆ బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరే వైరుకి ఫ్యూజు ఉందా? ఉంటే బ్యాటరీకి ఎంత దూరంలో ఉంది?

నాలుగుచక్రాలగూడు
ఇప్పుడే చూశాను. ఫ్యూజు ముందు, స్టీరింగ్ కింద ఉంది. బ్యాటరీ నుంచి అక్కడిదాకా వైరు కార్పెట్ కింద నుంచి వెళ్తోంది. 5 మీటర్లు ఉంటుంది. వైరు సన్నం, మీద 2.5 అని ఉంది. ఇంజన్ బ్యాటరీ నుంచి ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ద్వారా ఛార్జింగ్ వచ్చేది కూడా ఆ వైరులోనే.

తీగలమాస్టారు
అంటే ఆ 5 మీటర్ల వైరుకి వెనకవైపు నుంచి ఏ కాపలా లేదు. ఫ్యూజు కాపాడేది వైరుని. వైరు ఎక్కడైనా రాపిడికి తెగి రేకుకి తగిలితే, ఆ చోటికీ బ్యాటరీకీ మధ్య ఫ్యూజు ఉండాలి. లేకపోతే బ్యాటరీ తనలో ఉన్నదంతా ఆ వైరులోకి తోస్తుంది. పూర్తి ఛార్జిలో ఉన్న 100 ఆంపియర్ అవర్ సామర్థ్యం ఉన్న బ్యాటరీని నేరుగా షార్ట్ చేస్తే వెయ్యి ఆంపియర్లు దాటొచ్చు. 2.5 వైరు ఎర్రగా కాలి, కార్పెట్‌ని అంటించడానికి కొన్ని సెకన్లు చాలు.

ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు లోపల ఒక ఫ్యూజు పెట్టండి. ఇక మీ ఛార్జింగ్ వైరుకి రెండు కొసల్లోనూ బ్యాటరీలే ఉన్నాయి, కాబట్టి రెండు కొసల్లోనూ ఫ్యూజు ఉండాలి. చాలామంది ఇంజన్ వైపు ఒక్కటి పెట్టి పని అయిపోయిందనుకుంటారు. ఫ్యూజు సైజు వైరు మోయగలిగినదానికన్నా తక్కువ ఉండాలి, మీరు మామూలుగా వాడే కరెంటుకన్నా ఎక్కువ ఉండాలి.

ఆ వైరు కూడా మార్చండి. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు 5 మీటర్లలో 30 ఆంపియర్లు పోతే దారిలోనే ఒక వోల్టు పోతుంది. ఆల్టర్నేటర్ 14.2 ఇస్తే వెనక బ్యాటరీకి చేరేది 13.2. అదే 16 స్క్వేర్ ఎంఎం అయితే పోయేది 0.2 వోల్టు కూడా ఉండదు. మీ రెండో బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా నిండటం లేదని నా అనుమానం.

నాలుగుచక్రాలగూడు
నిజమే! రోజంతా నడిపినా రాత్రి లైట్లు వేసిన రెండు మూడు గంటలకే మందగిస్తాయి. బ్యాటరీ ముసలిదైపోయిందని అనుకున్నాం.

చీకట్లోటార్చి
నాదీ ఇదే కథ. వైరు మార్చకుండా రెండు బ్యాటరీలు మార్చాను. సగం ఛార్జిలో నెలల తరబడి ఉంచితే ప్లేట్ల మీద సీసం సల్ఫేట్ గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా ఎక్కదు. రెండో బ్యాటరీని తీసుకెళ్లేటప్పుడు గానీ ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంకోటి, మీ ఫ్రిజ్ గ్యాసుకీ కరెంటుకీ రెండింటికీ పనిచేసే రకమా? అయితే 12 వోల్టుల మీద 8 నుంచి 10 ఆంపియర్లు తింటుంది. ఇంజన్ ఆపాక దాన్ని బ్యాటరీ మీద వదలకండి, తెల్లారేసరికి పూర్తిగా దిగిపోతుంది.

కొత్తడ్రైవర్
సీల్డ్ బ్యాటరీ పెట్టేస్తే ఈ గాలి గొడవ ఉండదు కదా? మంచం కింద కాబట్టి అడుగుతున్నా.

దారిపొడుగునా
అవును, సీల్డ్ అయితే గాలి బయటకి రాదు. మూత పెట్టేసుకోవచ్చు.

తీగలమాస్టారు
మళ్లీ మీతో గొడవ పెట్టుకోవాల్సి వస్తోంది. సీల్డ్ అన్నది పూర్తిగా మూసేసినట్టు కాదు. ఏజీఎం, జెల్ అనే సీల్డ్ రకాలకి లోపల వాల్వులుంటాయి. మామూలుగా గాలిని లోపలే మళ్లీ నీరుగా కలుపుకుంటాయి. కానీ ఛార్జర్ చెడి ఎక్కువ వోల్టేజీ తోస్తే ఆ వాల్వు తెరుచుకుని హైడ్రోజన్ బయటకి వస్తుంది. పాత బండ్లలో ఛార్జింగ్ వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ చెడటం చాలా మామూలు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, రవ్వ తగిలితే అంటుకుంటుంది. నీళ్లు పోసే రకం అయితే ప్రతి ఛార్జింగ్‌లోనూ ఎంతో కొంత వస్తుంది.

మనుషులు పడుకునే చోటయితే ఏ రకమైనా పెట్టెకి మూత, గాలి పైపు ఉండాలి. బ్యాటరీ పక్కన చిన్న కన్నం ఉంటుంది, దానికి మోచెయ్యిలాంటి ముక్క, సన్నటి పైపు తగిలించి నేలలోంచి బయటకి దించండి. పైపు ఎక్కడా మడత పడకూడదు.

ఇల్లూబండీ
గ్యాస్ సిలిండర్ ఉన్న అరలో బ్యాటరీ పెట్టే వాళ్లుంటారు, జాగా కలిసొస్తుందని. వంట గ్యాసు గాలికన్నా బరువు, అడుగున చేరుతుంది. రిలే ప్రతిసారీ చిన్న రవ్వ కొడుతుంది. రెండూ ఒకే గదిలో ఉండకూడదు.

నాలుగుచక్రాలగూడు
మా సిలిండర్ అర వేరే ఉంది, బయటి నుంచే తలుపు. కానీ రిలేని ఆ అర గోడకే బిగించారు, లోపలివైపు. దాన్ని కూడా మార్చేస్తాను.

స్పానర్‌12
ఆ మార్పు ముందు చెయ్యండి, క్లాంపు కన్నా ముందు.

పాతబండి66
నాది ఇంకా పాత బండి, 6 వోల్టులది. ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వాళ్లకి తెలుసు, 1967 మోడల్ నుంచే అవి 12 వోల్టులయ్యాయి. ఇలాంటి బండి ఉన్నవాళ్లు కొత్త ఛార్జర్ తగిలించే ముందు వోల్టేజీ చూసుకోండి. కొన్ని పాత బ్రిటిష్ బండ్లలో ప్లస్‌ని ఛాసిస్‌కి కలిపి ఉంటారు. అలాంటి వాటికి పైన చెప్పిన 'ముందు మైనస్ తియ్యాలి' అన్నది తిరగబడుతుంది. ఛాసిస్‌కి ఏది కలిసి ఉందో దాన్నే ముందు తియ్యాలి, చివర పెట్టాలి.

కొత్తడ్రైవర్
ముందు తీసినా తర్వాత తీసినా తేడా ఏముంది? ఎలాగూ రెండూ తీస్తాం కదా.

పాతబండి66
మైనస్ తగిలి ఉండగా ప్లస్ నట్టు విప్పుతున్నారనుకోండి. పానా రెండో కొస బండి రేకుకి తగిలితే, పానాలోంచే షార్ట్. పానా అక్కడే అతుక్కుపోవచ్చు. మైనస్ ముందే తీసేస్తే పానా ఎక్కడ తగిలినా ఏమీ కాదు. ఉంగరం, వాచీ తీసి జేబులో పెట్టుకుని పని మొదలుపెట్టండి. మా పెదనాన్న వేలికి ఉంగరం మచ్చ ఇప్పటికీ ఉంది.

చీకట్లోటార్చి
కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకోండి. యాసిడ్ కంట్లో పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లు పోస్తూనే ఉండి, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

వెల్డింగ్‌మనిషి
ఎర్త్ సంగతి, అంటే కరెంటు బండి బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగొచ్చే దారి సంగతి, ఎవరూ ఎత్తలేదు. పాత బండి సెల్ఫ్ నీరసంగా తిరిగితే అందరూ బ్యాటరీని తిడతారు. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే జడలాంటి ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉంటుంది. సెల్ఫ్ కరెంటుకి ఆ దారి దొరక్కపోతే క్లచ్ కేబుల్ ద్వారానో యాక్సిలరేటర్ కేబుల్ ద్వారానో తిరిగొస్తుంది, ఆ కేబుల్ వేడెక్కి కాలిపోతుంది.

చూడటం తేలిక. మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ మైనస్ కొమ్ము మీద, రెండోది ఇంజన్ మీద శుభ్రమైన ఇనుము మీద పెట్టి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే ఎర్త్ దారిలో తప్పుంది.

కొత్తడ్రైవర్
రోజూ చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

చీకట్లోటార్చి
రోజూ అక్కర్లేదు. నెలకోసారి నేను చేసేది చెప్తాను. బండి ఆపి కొన్ని గంటలు వదిలేసి మీటరు పెడతాను. 12.6 పైన ఉంటే నిండు, 12.2 అంటే సగం, 12 కి దగ్గరపడితే ఆ రోజే ఛార్జింగ్. తర్వాత ఇంజన్ నడుస్తుండగా చూస్తాను. 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 15 దగ్గర కనబడితే రెగ్యులేటర్ చెడినట్టే, ఆ బండి నడపకూడదు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా అంతే, ఛార్జర్‌ని గోడ స్విచ్ దగ్గర ఆపి, తలుపులు తీసి, దూరంగా జరగాలి.

నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత పోసి, ఛార్జింగ్ అయ్యాక మిగతాది గీత దాకా పొయ్యాలి. ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి ట్రే మీదకి వస్తుంది, ఇల్లూబండీ గారి ట్రే లాగే అవుతుంది. యాసిడ్ ఎప్పుడూ కలపకూడదు, తగ్గేది నీరే.

స్పానర్‌12
టెర్మినల్ శుభ్రం చేసి, బిగించి, ఆ పైన వాజలీన్ పూయండి. బిగించాక పూయాలి.

ఇల్లూబండీ
నేను ముందు పూసి తర్వాత బిగిస్తాను. ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

స్పానర్‌12
పలచగా అయితే నడుస్తుంది, క్లాంపు బిగుతుకి జిడ్డు పక్కకి పోతుంది. కొత్తవాళ్లు ముద్దలు ముద్దలుగా పూస్తారని చెప్పాను.

దారిపొడుగునా
నెలల తరబడి బండి నిలబెట్టేవాళ్లకి ఒక మాట. రేడియో గడియారం, అలారం లాంటివి 50 మిల్లీఆంపియర్లు తింటున్నా రోజుకి 1.2 ఆంపియర్ అవర్. 60 ఆంపియర్ అవర్ బ్యాటరీ పాతిక రోజుల్లో సగానికి వస్తుంది. మైనస్ మీద కటాఫ్ స్విచ్ పెట్టుకోండి. చలి దేశాల్లో ఉన్నవాళ్లయితే మరీను, దిగిపోయిన బ్యాటరీ సున్నాకి పది డిగ్రీల దిగువలోనే గడ్డకట్టి డబ్బా పగులుతుంది, నిండుగా ఉన్నది గడ్డకట్టదు.

కొత్తడ్రైవర్
ఇంత తిప్పలు ఎందుకు, లిథియం పెట్టేస్తే? తేలిక కూడా.

తీగలమాస్టారు
లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మంచిదే, బరువు సగం కన్నా తక్కువ. కానీ పాత ఆల్టర్నేటర్‌కి నేరుగా కలపకండి. అది ఎంత ఇస్తే అంతా లాగేస్తుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోతుంది. మధ్యలో ఆ కరెంటుని అదుపులో పెట్టే డీసీ-డీసీ ఛార్జర్ కావాలి. సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ పెట్టకూడదు. తేలికైనా దాన్ని కూడా ఇంతే గట్టిగా బిగించాలి, ఫ్యూజు ఇంతే దగ్గర పెట్టాలి.

నాలుగుచక్రాలగూడు
రెండు వారాలయింది, చేసినవి చెప్తాను. రిలేని సిలిండర్ అర దగ్గర్నుంచి తీసేసి ముందు పెట్టాను. పాత బ్యాటరీ తీసేసి కొత్తది పెట్టాను, చోటు కూడా మార్చాను, మంచం ఫ్రేముకి మూరెడు దూరం. ప్లైవుడ్ ఎత్తితే కింద రేకు బాగానే ఉంది, పాత చోట కొంచెం తుప్పు గీకి పెయింటు వేశాం. ట్రే, నాలుగు బోల్టులు, కింద పట్టీలు, వెల్డింగ్‌మనిషి గారు చెప్పినట్టే. కన్నం పెట్టే ముందు కిందకి దూరి చూశాను, మొదట గీసిన గుర్తు సరిగ్గా పెట్రోల్ పైపు మీద ఉంది. రెండంగుళాలు పక్కకి జరిపాను. మీరు చెప్పకపోతే నేను చూసేవాణ్ణి కాదు.

16 వైరు, రెండు కొసల్లో ఫ్యూజులు తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత వేయించాను. నిన్న మూడు గంటలు నడిపి, రాత్రంతా వదిలేసి పొద్దున చూస్తే 12.7. మంచం పలక ఎత్తి ఉంచిన ఫొటో పెట్టాను, చూసి తప్పులుంటే చెప్పండి.

ఇల్లూబండీ
ఫొటోలో ముందు పిల్లి కనబడింది, తర్వాత బ్యాటరీ. ఆ ట్రే ఎంత గట్టిదో పిల్లికి కూడా నచ్చినట్టుంది!

వెల్డింగ్‌మనిషి
పట్టీ బాగుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక నట్లు ఇంకోసారి చూసుకోండి, ప్లైవుడ్ కొంచెం అణుగుతుంది.

తీగలమాస్టారు
గాలి పైపు ఎడమవైపు కన్నానికి పెట్టారు, బాగుంది. కుడివైపు ఇంకో కన్నం కనబడుతోంది, తెరిచే ఉంది. దానికి బిరడా ఉండాలి, లేకపోతే గాలి అటునుంచి మంచం కిందకే వస్తుంది. పాత బ్యాటరీకి ఉందేమో చూడండి.

నాలుగుచక్రాలగూడు
ఉంది మాస్టారూ, పాతదానికే ఉండిపోయింది. ఇప్పుడే తీసి పెట్టాను. పిల్లలు ఈ రాత్రి బండిలోనే పడుకుంటామంటున్నారు.